తగ్గాల్సింది బువ్వేనా?

మోకాళ్ల నొప్పులని ఏ డాక్టరు దగ్గరికి పోయినా మన అవ్వాతాతలకు మొదట వినబడే మాట ‘బరువు తగ్గాల’. ఇంటికొచ్చి రాత్రి బువ్వ మానేస్తారు. టీలో బన్ను అద్దుకుని పడుకుంటారు. రెండు కిలోలు తగ్గితే ఇంటిల్లిపాదికీ సంతోషం. తగ్గింది కొవ్వో కండో అడిగేవాళ్లుండరు.

అరవై దాటినాక అసలు చిక్కు అదే. వయసుతోపాటు కండ ఎలాగూ కరుగుతుంటుంది. తిండి ఒక్కటే తగ్గిస్తే ఆ కరుగుడు ఇంకా ఎక్కువవుతుంది. పొట్ట పొట్టలాగే ఉంటుంది, కాళ్లు పుల్లలవుతాయి. జారిపడితే తుంటి విరుగుతుంది.

ఒకప్పుడు బత్తలపల్లి, ధర్మవరం వైపు శెనక్కాయ చేలల్లో పొద్దంతా వంగి కలుపు తీసినవాళ్లకు ఒక ముద్ద సంగటి ఏమూలకూ చాలేది కాదు. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక కొర్రా జొన్నా మరింత వెనక్కి పోయాయి. ఆకలి తీర్చిన పథకాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. కానీ ఇప్పుడు చేనికి పోయే ఓపిక లేదు, కంచంలో బువ్వ మాత్రం అప్పటంతే. పప్పేమో చారంత పలచన. పొద్దున్నే ఉగ్గాని, పక్కన బజ్జీలు సరేసరి.

యూట్యూబు పుణ్యమా అని రాగిసంగటి ఇప్పుడు షుగరు మందైపోయింది. రాగుల్లో క్యాల్షియం దండిగా ఉన్న మాట నిజమే. అయితే 100 గ్రాములకు మాంసకృత్తులు 7 గ్రాములే, మిగిలిందాంట్లో ఎక్కువభాగం పిండిపదార్థమే. పెద్ద ముద్ద మింగితే షుగరు పెరగక మానదు. అదే తూకం శెనగ్గింజల్లో మాంసకృత్తులు 25 గ్రాముల దాకా ఉంటాయి. పండించేది మనమే, ‘కొవ్వు’ అని అవ్వకు పెట్టనిదీ మనమే! కొవ్వుందని తెలుసు కాబట్టే గుప్పెడు చాలంటున్నాను. బువ్వ సగం చేసి, గట్టిపప్పు, గుడ్డు, పెరుగు, అలసంద గుగ్గిళ్లు పెట్టండి. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టరును అడిగి తినాలి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది ఆడవాళ్లు అధిక బరువున్నారు. ఆ లెక్కలో 49 ఏళ్లు దాటినవాళ్లు లేరు. మనవాళ్లకు నడుము కొలత మగవాళ్లలో 90, ఆడవాళ్లలో 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాదమే.

ఒకటో తేదీన సచివాలయం సిబ్బంది పింఛనుతో గడప దాకా వస్తున్నారు. ఆరునెలలకోసారి ఆశా కార్యకర్తను టేపుతో వెంట పంపండి. నడుము కొలవాలి, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవగలరా లేదా చూసి రాసుకోవాలి. ఖర్చు లేని పని. జిల్లా అధికారులు బత్తలపల్లి మండలంతోనే మొదలుపెట్టొచ్చు.