గ్యాసు కాదు నాయనా, చక్రం!

చెప్పొద్దూ, ఈ మెకానిక్కులకి ఆడవాళ్లం కనిపిస్తే ఒక్కటే మాట గుర్తొస్తుంది: "గ్యాసైపోయిందమ్మా!" మే నెల, విజయవాడ ఎండ. మా కారు ఏసీ మీట చల్లదనం వైపు ఎంత తిప్పినా వడగాలే. ఏడాదిలో రెండుసార్లు గ్యాసు పోయించాం. అసలది వంటింటి సిలిండరులా వాడితే ఖర్చయ్యేదా? మూసిన గొట్టాల్లో అదే గ్యాసు తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ఆ చోటు చూపించకుండా పొయ్యడమేమిటి, చిల్లుకుండలో నీళ్లలాగా!

అదీగాక మా బండిలో గ్యాసు నిక్షేపంలా ఉంది. బానెట్టు కింద లావు గొట్టం పట్టుకు చూశాను, చల్లగా చెమట పట్టి ఉంది. మీట తిప్పినప్పుడల్లా డాష్‌బోర్డు వెనక టిక్కుటిక్కుమని చప్పుడు. చల్లగాలినీ, ఇంజను వేడినీళ్ల గొట్టాల మీదుగా వచ్చే గాలినీ కలిపే చిన్న తలుపొకటి ఉంటుందక్కడ. దాన్ని తిప్పే బుల్లి మోటారులో ప్లాస్టిక్ చక్రం పళ్లు విరిగితే, తలుపు వేడివైపే ఉండిపోవచ్చు. ఈ మాట నేనంటే అతగాడు మావారి మొహం చూశాడు. ఆయనకా, కారులో తాళంచెవి తప్ప మరోటి తెలీదు!

చివరికి విప్పితే పళ్లు రాలిన చక్రమే. మోటారు మార్చాడు, చల్లబడింది. రసీదు మాత్రం మావారి పేరనే రాసి, ఆయన చేతికే ఇచ్చాడు.