పరిమితి నేర్పే చూపు

చేతిలో ఫోను ఉన్న ప్రతివారూ ఛాయాగ్రాహకులైన కాలమిది. ఒక్క పెళ్ళిలోనే వేలకొద్దీ ఛాయాచిత్రాలు తీస్తున్నారు. వాటిలో మళ్ళీ చూసేవి ఎన్ని? కాలం చెల్లిందనుకొన్న ఫిల్ము వైపు నేటి యువతలో కొందరు ఎందుకు మొగ్గుతున్నారో ఈ ప్రశ్నే చెబుతుంది.

ఫిల్ము ఒక పలుచని ప్లాస్టిక్ పట్టీ. దానిపై జిలాటిన్‌తో కలిపిన వెండి లవణాల పూత ఉంటుంది. కటకం గుండా వెలుగు సోకిన చోట ఆ లవణాలలో కంటికి కనిపించని మార్పు కలుగుతుంది. రసాయన ద్రావణాలలో కడిగినప్పుడు ఆ గుప్తచిత్రం నెగెటివుగా వెలువడుతుంది. సాధారణ కెమెరాలో 35 మి.మీ. ఫిల్ము చుట్ట 36 చిత్రాలతో ముగుస్తుంది. తీసినదానిని చెరపడానికి వీలులేదు. వెంటనే చూడడానికీ వీలులేదు.

ఇవి లోపాలే. అయితే ఫిల్ము గుణం ఈ లోపాలలోనే ఉన్నది. మిగిలిన చిత్రాలను లెక్కించుకొనేవాడు మీట నొక్కే ముందు ఒక క్షణం ఆగుతాడు. వెలుగు ఎటునుంచి పడుతున్నదో, ఎదుటివారి ముఖంలో ఏ భావం నిలిచిందో గమనిస్తాడు. చిత్రం తీయడానికి ముందు చూడడం నేర్చుకొంటాడు.

ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ (1844–1905) గాజు పలకలపై చిత్రాలు తీశాడు. బరువైన కెమెరాను ముక్కాలి స్టాండుపై నిలిపి, ఒక్కొక్క చిత్రానికి ఒక్కొక్క పలకను అమర్చవలసిన పద్ధతి అది. అందులో తొందరకు తావులేదు. ఆయన గాజు నెగెటివులు వేలకొద్దీ నేటికీ ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి.

1975లో కొడాక్ సంస్థ ఇంజనీరు స్టీవెన్ శాసన్ తొలి డిజిటల్ కెమెరాను రూపొందించాడు. డిజిటల్ వెల్లువకు తట్టుకోలేక ఆ సంస్థే 2012లో దివాలా రక్షణ కోరింది. అయినా 2018లో అది ఎక్టాక్రోమ్ ఫిల్మును తిరిగి తెచ్చింది. 2024లో రికో సంస్థ పెంటాక్స్ 17 అనే కొత్త ఫిల్ము కెమెరాను విడుదల చేసింది. కొనేవారు లేనిదే వ్యాపారి సరుకు తయారుచేయడు కదా!

ఫిల్ము ఖరీదైనదే. తేమ తగిలితే నెగెటివు కూడా బూజు పడుతుంది. పైగా ఒకప్పుడు కలవారికే అందిన ఛాయాచిత్రాన్ని డిజిటల్ విధానం కూలివాని ఇంటికి సైతం చేర్చింది. ఆ మేలును మరువరాదు. కాని ట్రంకుపెట్టెలో దొరికిన నాయనమ్మ ఒకే ఒక్క చిత్రం ముందు కుటుంబమంతా ఆగిపోతుంది. ఫోనులోని వేల చిత్రాల ముందు ఎవరూ ఆగరు. విలువ సంఖ్యలో లేదు, నిలిపిన దృష్టిలో ఉన్నది. ఫోను పట్టినవాడు కూడా ఆ నిగ్రహాన్ని పాటించవచ్చు. ఫిల్ము మాత్రం దానిని పాటించక తప్పని నియమంగా చేస్తుంది. దాని ఆకర్షణ తరగకపోవడానికి కారణం ఇదే.