మునిగిన ఊరు పాఠంలో ఉండదా?



అమెరికాలో నార్త్ డకోటా గురించి పుస్తకాల్లో ఏముంటుంది? చదునైన గడ్డి మైదానం, మైనస్ 30కి పడిపోయే చలి, గోధుమ, బక్కెన్ చమురు. అంతే!

మరి మిస్సోరీ ఒడ్డున ఒండ్రునేలల్లో మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించిన మాండన్, హిదాత్స, అరికర జనం ఏరి? 1953లో గారిసన్ డ్యామ్ నదికి అడ్డం పడింది. లక్షా యాభై వేల ఎకరాలకు పైగా పోయాయి. ఎల్బోవుడ్స్‌లో ఇళ్లు, బడి, ఆసుపత్రి అన్నీ మునిగాయి. జనాన్ని చలిగాలి కొట్టే మెట్టకి ఎక్కించారు. 1948లో ఆ భూమి రాసిచ్చిన రోజు తెగ చైర్మన్ జార్జ్ జిలెట్ ఏడుస్తున్న ఫొటో ఇప్పటికీ ఉంది.

"ఇప్పుడు వాళ్లకి చమురు డబ్బులొస్తున్నాయి కదా" అంటారు కొందరన్నలు. అన్నా, చమురు డబ్బుతో మునిగిన ఊరు పైకి తేలుతుందా?

వాళ్లు ఊరుకోలేదు. 1973లో సొంత కాలేజీ పెట్టుకున్నారు. బడుల్లో ఆదివాసీ చరిత్ర చెప్పాలని 2021లో ఆ రాష్ట్రం చట్టం చేయక తప్పలేదు.

మరి పోలవరం కింద పోతున్న మన కోయ, కొండరెడ్డి ఊళ్ల పేర్లు ఏ పాఠంలో ఉన్నాయి? సర్కారు రాస్తుందని కూర్చోవద్దు. పెద్దోళ్లు ఉండగానే ఊరి పేరు, వాగు పేరు, గట్టు పేరు అడిగి రాయండి. మన పాఠం మనమే రాసుకుందాం.