పండుగకు పేరుంది

డిసెంబరు నెలలో అర్ధ సంవత్సర పరీక్షలు ముగిసే రోజున తరగతి నల్లబల్లపై రంగు సుద్దలతో శుభాకాంక్షలు రాయడం పిల్లలకు సరదా. హోసూరు దగ్గరి ఒక బడిలో కొందరు "క్రిస్మస్ శుభాకాంక్షలు" అని రాయబోతుండగా ఒక విద్యార్థి వారిని ఆపాడు. "మన తరగతిలో అన్ని మతాల వారమూ ఉన్నాం కదా! పండుగ శుభాకాంక్షలు అని రాస్తే అందరికీ చెందుతుంది" అన్నాడు. అందరూ సరేనన్నారు. నలభై మందిలో క్రైస్తవులు ఇద్దరే. వారు ఏమీ మాట్లాడలేదు.

ఆ బాలుని ఉద్దేశం మంచిదే. ఎవరినీ నొప్పించకూడదని అతని తలంపు. అమెరికాలో కూడా ఈ చర్చ చాలాకాలంగా సాగుతోంది. అక్కడ యూదుల హనుక్కా పండుగ సాధారణంగా డిసెంబరులోనే వస్తుంది. ఆఫ్రికా సంతతి వారిలో కొందరు 1966 నుండి క్వాంజా అనే పండుగను ఆ నెలాఖరులోనే జరుపుకుంటున్నారు. అందువల్ల అనేక దుకాణాలలో "హ్యాపీ హాలిడేస్" అంటారు. వచ్చినవారు ఎవరో తెలియని దుకాణదారుకు ఆ మాట తగినదే. కాని మన తరగతిలో ఎవరి పండుగ ఏదో మనకు తెలుసు. తెలిసి కూడా పేరు చెప్పకపోవడం మర్యాద అవుతుందా? కాదని నా అభిప్రాయం. అన్నట్టు, బేకరీలో క్రిస్మస్ కేకు కొనేటప్పుడు మాత్రం ఎవరూ దాని పేరు మార్చరు!

ఇదే విషయాన్ని మన ఉగాదితో పోల్చి చూద్దాం. తమిళనాడు ప్రభుత్వ సెలవుల పట్టికలో ఆ రోజును "తెలుగు నూతన సంవత్సర దినం" అని పేర్కొంటారు. మనల్ని గుర్తించినందుకు సంతోషమే. అయితే హోసూరు, డెంకణికోట, తళి ప్రాంతాలలో మన కన్నడ ఇరుగుపొరుగువారు కూడా అదే రోజున వేపపువ్వు, బెల్లం పంచుకుంటారు. వారికది యుగాది. పట్టికలోని పేరులో వారికి చోటు లేదు. పండుగ సొంత పేరులో ఇద్దరికీ చోటుంది. పోనీ, ఉత్త "కొత్త సంవత్సర శుభాకాంక్షలు" అందామా? జనవరి 1వ తేదీకా, ఉగాదికా, ఏప్రిల్ నడుమ వచ్చే తమిళుల చిత్తిరై మొదటి రోజుకా? వినేవారు అడగవలసి వస్తుంది.

పేరు చెప్పినంత మాత్రాన మనం ఆ మతంలో చేరిపోము. కృష్ణగిరి జిల్లాలో తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ మాట్లాడేవారు పక్కపక్కనే నివసిస్తున్నారు. రంజాన్ నాడు "ఈద్ ముబారక్" అంటూ పొరుగింటికి వెళ్లి సేమ్యా పాయసం తాగివచ్చిన వారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

అన్ని పండుగల పేర్లూ రాస్తే బల్ల చాలదని కొందరు అనవచ్చు. అవన్నీ ఒకే రోజున రావు గదా! ఒకటి తుడిచాకే మరొకటి రాస్తాం. దగ్గర దగ్గరగా వస్తే రెండూ రాయవచ్చు. 1843లో లండనులో హెన్రీ కోల్ అచ్చు వేయించిన మొట్టమొదటి క్రిస్మస్ కార్డుపైన క్రిస్మస్‌కూ, కొత్త సంవత్సరానికీ కలిపే శుభాకాంక్షలు ఉన్నాయి.

తల్లిదండ్రులందరికీ పంపే ఉత్తరంలో "సెలవులు ఆనందంగా గడపండి" అని రాస్తే తప్పులేదు. అది సెలవులను గూర్చిన మాట. నల్లబల్లపై రాసే మాట ఆ ఇద్దరు పిల్లలకు. మూడు వారాలు గడిస్తే సంక్రాంతి వస్తుంది. అప్పుడు వారిద్దరూ బల్ల మీద ఏమని రాయాలని మనం కోరుకుంటాం?