కాలి బైపాస్ మూసుకుపోతోందా?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్ళు, షుగరు ఉంది. ఎనిమిది నెలల క్రితం ఎడమకాలికి బైపాస్ చేశారు. పుండు మానింది. ఇప్పుడు నాలుగిళ్ళు దాటేసరికి మళ్ళీ పిక్క పట్టేస్తోందంటున్నారు. ఆపరేషను ఫెయిలైనట్లేనా?
— ఒక పాఠకుడు, కొత్తవలస

జవాబు: అప్పుడే అలా అనుకోకండి. అలాగని ఊరుకోనూ వద్దు. రోగి కాలి సిరనే తీసి, మూసుకుపోయిన ధమనికి పక్కదారిగా కుట్టడం 1948లో పారిస్‌లో కున్లిన్ అనే సర్జను చేసి చూపించాడు. ఆ అతుకే దీని బలం, బలహీనత కూడా. మొదటి నెలలో మూసుకుపోతే సాధారణంగా కుట్టులోనో, నాళం మెలిక పడటంలోనో లోపం. ఆ తర్వాత రెండేళ్ళలోపు అయితే అతుకు దగ్గర లోపలి పొర దళసరెక్కి దారి ఇరుకవుతుంది. మీ నాన్నగారిది ఇదేమోనని నా అనుమానం. ఇరుకుగా ఉండగానే డాప్లర్ స్కాన్‌లో పట్టుకుంటే బెలూనుతో వెడల్పు చేయవచ్చు. గడ్డకట్టి పూర్తిగా మూసుకున్నాక అంత సులువు కాదు. ఈ వారంలోనే విశాఖ తీసుకెళ్ళి ఆపరేషను చేసిన డాక్టరుకు చూపించండి. బాధ లేకపోయినా మొదటి ఏడాది మూడు నాలుగుసార్లు ఈ పరీక్ష చేయించాల్సిందే.

కాలు హఠాత్తుగా చల్లబడి, పాలిపోయి, తిమ్మిరెక్కితే తెల్లవారేదాకా ఆగకండి. గంటలు గడిచేకొద్దీ కాలు చేజారుతుంది. నూనె మర్దనా, వేడినీళ్ళ కాపడం అసలు వద్దు. స్పర్శ లేని కాలు కాలినా తెలియదు.

ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్రలు సొంతంగా మానకూడదు. చుట్ట మాత్రం మానాలి. మీ వైపు అడ్డపొగ అలవాటుంది గనుక చెబుతున్నాను: నిప్పు నోటిలోపలున్నా బయటున్నా రక్తనాళానికి ఒకటే.