కోడిని తలక్రిందులుగా మోయవద్దు



ముక్తేశ్వరం రేవులో కోటిపల్లి పోవు పంటు కొరకు నిలుచువారికి ఈ దృశ్యము క్రొత్తది కాదు. మోటారు సైకిలు పిడికి ఇరుప్రక్కల కోళ్ళు వ్రేలాడుచుండును. కాళ్ళకు కట్టు, తలలు నేలవైపు, నోళ్ళు తెరచి. గడచిన వేసవిలో అట్టి బేరగాడొకడు నా ప్రక్కనే పంటు ఎక్కినాడు. ఆవలి గట్టు చేరునప్పటికి ఎనిమిది కోళ్ళలో రెండు చచ్చినవి. వాటిని ఊడదీసి గోదావరిలో విసరి, "రెండే గదండీ, ఎండకు పోతాయండీ" అన్నాడు.

ఎండకు పోయినవన్న మాటలో సగమే నిజము. మిగిలిన సగము మోసిన తీరులో నున్నది. కోడి శరీరము లోపల ఎట్లున్నదో ఎరిగినవాడెవ్వడును దానిని అట్లు మోయడని నా నమ్మకము. నేను పశువైద్యుడను కాను. వ్యవసాయ శాస్త్రము చదివినవాడను. వైద్యము చెప్పబోవుట లేదు. కోడిని కోసి శుభ్రపరచు ప్రతి ఇల్లాలు చూచుచున్న అవయవములను గూర్చియే నాలుగు మాటలు చెప్పెదను.

ఆవుకు, మేకకు, మనకు రొమ్ముకును పొట్టకును నడుమ కండరపు తెర యొకటి కలదు. మనము ఊపిరి పీల్చునప్పుడు అది క్రిందికి దిగి ఊపిరితిత్తులకు చోటిచ్చును. కోడికి అట్టి తెర లేదు. దాని ఊపిరితిత్తులు చిన్నవి, వీపువైపు ప్రక్కటెముకల సందులలో అతుక్కొని యుండును, మనవానివలె ఉబ్బవు. వాటికి అనుబంధముగా తొమ్మిది పలుచని గాలి సంచులు మెడ మొదలు పొట్టవరకు వ్యాపించి యుండును. కొలిమి తిత్తివలె ఈ సంచులే గాలిని లాగి ఊపిరితిత్తుల గుండ నడుపును. రొమ్ము ఎముక క్రిందికి పైకి ఆడిననే ఈ తిత్తి ఆడును.

అట్టి ప్రాణిని తలక్రిందులు చేసిన ఏమగును? అడ్డుతెర లేదు గనుక కార్జము, కందనకాయ, ప్రేగుల బరువు గాలి సంచులపై పడి వాటిని నొక్కును. ప్రతి ఊపిరికి కోడి ఆ బరువును త్రోయవలసి వచ్చును. రొమ్మును గట్టిగా అదిమి పట్టినను ఇట్టి ప్రమాదమే. పిల్లలు ముద్దుకొరకు కోడిపిల్లను పిడికిట బిగించుట వలన అది చచ్చుటకు కారణమిదియే.

కోడికి చెమట పట్టదు. దాని ఒంటి వేడి 41, 42 డిగ్రీల సెంటీగ్రేడు. ఎండ ముదిరినప్పుడు అది నోరు తెరచి వగర్చి, రెక్కలు ఒంటికి ఎడముగా పెట్టి వేడిని పోగొట్టుకొనును. ఊపిరి ఆడనీయక, గుత్తిగా కట్టి ఎండలో త్రిప్పినచో దానికి వేరు దారి ఏది? జాలిపడి నీరు త్రాగించి వెంటనే తలక్రిందులు చేసిన, మెడ మొదట నున్న మేతసంచిలోని నీరు నోటికి వచ్చి గాలిగొట్టములో పడవచ్చును.

రెక్క పట్టి ఎత్తుటయు మంచిది కాదు. రెక్క మొదటి ఎముక బోలుగా నుండి గాలి సంచితో కలసి యుండును. అది విరిగిన బాధ రెక్కతో పోదు. బాతు కాళ్ళు కోడి కాళ్ళకంటె బలహీనములు. కోతలైన చేలలో బాతులను మేపువారు ఈ సంగతి ఎరుగుదురు.

పెట్ట విషయము చూడుడు. దానికి ఎడమప్రక్క అండాశయము ఒక్కటే పనిచేయును. ఒక గ్రుడ్డు తయారగుటకు 24 మొదలు 26 గంటలు పట్టును. అందులో సుమారు 20 గంటలు పెంకు కట్టుటకే సరి. అట్టి గ్రుడ్డు లోపల నుండగా తలక్రిందులుగా కుదిపిన అది చితికి పెట్టకే ముప్పు కలుగవచ్చును. బెదరిన పెట్ట కొన్నాళ్ళు గ్రుడ్లు మానుటయు కలదు. కొన్నవాడు అమ్మినవానిని తిట్టును. తప్పు దారిలో జరిగినది.

"తలక్రిందులు చేసిన కోడి కిక్కురుమనదు, దానికేమి కష్టము?" అని కొందరందురు. పిల్లి నోట చిక్కిన కోడియు కిక్కురుమనదు. అది భయముచే బిగుసుకొనుట. "ఎటులైనను కోయునదే గదా" అని మరికొందరు. కోయువరకు అది మీ సొత్తు. కట్టు బిగిసిన చోట నెత్తురు గడ్డకట్టి మాంసము చెడును. దారిలో చచ్చినదానికి ధర రాదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టము ప్రకారము జంతువును అనవసరపు బాధ కలుగునట్లు తరలించుట నేరము కూడ.

పందెపు పుంజును చంకన బెట్టుకొని పసిబిడ్డవలె మోసికొనిపోవుట మన కోనసీమవారికి తెలియనిది కాదు. గ్రుడ్లమ్మి ఇంటి ఉప్పు పప్పు ఖర్చు గడుపు పెట్టకు ఆ మర్యాద ఏల చేయరాదు?

చేయవలసినది స్వల్పము. అరచేతిని రొమ్ము క్రింద పెట్టి, కాళ్ళను వ్రేళ్ళ నడుమ ఇరికించి, రెక్కలు ఒంటికి ఆనునట్లు చంకకు చేర్చుకొనుడు. ఎక్కువ కోళ్ళున్నచో గాలి ఆడు వెదురు గంపలో, నిలువ చోటుండునట్లు ఉంచుడు. గంపపై తడిపిన గోనె కప్పి, ప్రక్కలు తెరచి ఉంచుడు. ప్రయాణము తెల్లవారుజామున గాని, ప్రొద్దు వాలినపిమ్మట గాని పెట్టుకొనుడు. చచ్చినదానిని నీటిలో వేయక సున్నము చల్లి లోతుగా పూడ్చుడు. 2025 ఫిబ్రవరిలో తణుకు దరి వేల్పూరు, పెరవలి దరి కానూరు అగ్రహారములలో బర్డ్ ఫ్లూ బయటపడిన సంగతి మరువరాదు. కోళ్ళు వరుసగా చచ్చినచో ముట్టక పశువైద్యునకు కబురు పెట్టుడు.

గ్రామోద్యోగులకు ఒక మనవి. సంతలోను రేవులోను కోళ్ళ గంపలు దించుకొనుటకు కొంచెము నీడ, ఒక నీళ్ళ తొట్టి ఏర్పాటు చేయించుడు. కొబ్బరాకు పందిరి చాలును. ఈ సీమలో దానికి కొదువ లేదు.

ఈసారి కోడిని కోసినప్పుడు లోపల వ్రేలు పెట్టి చూడుడు. రొమ్ముకును పొట్టకును నడుమ కండరపు అడ్డుతెర కనబడదు. అది చూచినపిమ్మట మరల కాళ్ళు పట్టి వ్రేలాడదీయ మీకు మనసొప్పునా?