ముందు గూడు, తర్వాతే బాతులు

పోస్టు కొంచెం పెద్దదే. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవాళ్ళు మాత్రం చివరిదాకా చదవండి.

పోయిన ఆదివారం సాయంత్రం మా గదిలో ఒకామెకి ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. గదిలో ఎనిమిదిమందిమి ఉంటాం, ఒకరికి ఫోన్ వస్తే అందరికీ వచ్చినట్టే. వాళ్ళది చింతూరు వైపు శబరి ఒడ్డున చిన్న గుంపు. బండి మీద బాతుపిల్లలు అమ్మేవాడు వచ్చాడంట, వచ్చే వారం మళ్ళీ వస్తాడంట. పది పిల్లల్ని తీసుకుందామని వాళ్ళ అమ్మ ఆలోచన. ఇంట్లో వదినకి ఇద్దరు పిల్లలు. పెద్దోడికి నాలుగేళ్ళు, చిన్నదానికి పది నెలలు, ఇంకా పాకుతోంది. అన్న మిరప కోతలకి పోయాడు. "నువ్వు చదువుకుంటున్నావు కదమ్మా, తీసుకోమంటావా వద్దా, నువ్వే చెప్పు" అని అమ్మ అడిగింది.

మొదట అందరం నవ్వాం. మన ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్ళం మనమే. కాబట్టి రేషన్ కార్డులో పేరు తప్పు పడినా మనల్నే అడుగుతారు, బ్యాంకు మెసేజ్ వచ్చినా మనల్నే, జ్వరం బిళ్ళ రోజుకి ఎన్ని వేసుకోవాలో కూడా మనల్నే. ఇప్పుడు బాతుల సంగతి కూడా వచ్చింది. మాలో ఒకరు బీకాం, ఇద్దరు బీఏ, బాతుల గురించి ఎవరికి తెలుసు? కాని నవ్వి వదిలేసే విషయం కాదని కాసేపటికే అర్థమైంది. పాకే పిల్ల ఉన్న ఇల్లు అది. రాత్రి పదకొండు దాకా మాట్లాడుకున్నాం, కొంచెం గొడవ కూడా పడ్డాం. చివరికి మేము ఏం అనుకున్నామో, ఎందుకు అనుకున్నామో ఇక్కడ రాస్తున్నాం. ఎందుకంటే ఈ ప్రశ్న ఆ ఒక్క ఇంటిది కాదు.

ముందు బాతుల వైపు న్యాయంగా మాట్లాడాలి. మన ఇళ్ళల్లో కోళ్ళు ఉంటాయి, అయినా మన పిల్లలు గుడ్లు పెద్దగా తినరు. నాటు కోడి ఏడాదికి యాభై, అరవై గుడ్లు పెడితే గొప్ప. వాటిని పొదగేస్తాం. పుంజు పండక్కి కావాలి, మొక్కుకి కావాలి, చుట్టం వస్తే కావాలి. గుడ్డుని గుడ్డుగా తినడం మనకి నష్టం లాగే కనిపిస్తుంది. బాతు సంగతి వేరు. ఖాకీ క్యాంప్‌బెల్ అనే రకం మంచి మేత ఉంటే ఏడాదికి 250 నుంచి 300 దాకా గుడ్లు పెట్టగలదు. ఊళ్ళో వదిలేసి పెంచితే అన్ని రావు, అయినా నాటు కోడి కంటే చాలా ఎక్కువే. గుడ్డు 65, 70 గ్రాములు ఉంటుంది. పైగా ఈ రకం సరిగ్గా పొదగదు. పిల్లలు కావాలంటే కోడి కింద పెట్టాల్సిందే, 28 రోజులు పడుతుంది. కాబట్టి గుడ్డు ఇంట్లోనే మిగులుతుంది, పిల్లల కంచంలోకి వచ్చే దారి ఉంటుంది. వరి మడిలో, కాలవ గట్టున నత్తలు, పురుగులు ఏరుకు తింటాయి, మేత ఖర్చు కొంత తగ్గుతుంది.

అంగన్‌వాడీలో గుడ్డు ఇస్తున్నారు కదా అని ఒకామె అంది. ఇస్తున్నారు, మంచిదే. కాని కేంద్రం ఒక ఊళ్ళో, మన గుంపు వాగు అవతల ఉంటే వానాకాలంలో పిల్లోణ్ణి ఎవరు తీసుకెళ్తారు? ఇంట్లో గుడ్డు ఉండాలన్న ఆ అమ్మ ఆలోచన తప్పేం కాదు.

ఇక రెండో వైపు. మాలో ఒక అక్క నర్సింగ్ చదువుతోంది. ఆమె చెప్పింది విన్నాక మేము మెత్తబడ్డాం. బాతులు, కోళ్ళ పేగుల్లో సాల్మొనెల్లా లాంటి సూక్ష్మక్రిములు ఉండొచ్చు. పక్షి బాగానే తిరుగుతుంది, జబ్బు ఉన్నట్టే తెలీదు. రెట్టలో ఆ క్రిములు బయటికి వస్తాయి. బాతు రెట్ట నీళ్ళగా ఉంటుంది, ఎక్కడ పడితే అక్కడ వేస్తుంది, నీళ్ళు తాగిన చోటల్లా బురద చేస్తుంది. పాకే పిల్ల ఆ నేల మీదే పాకుతుంది, ఆ చెయ్యే నోట్లో పెట్టుకుంటుంది. ఐదేళ్ళ లోపు పిల్లలకి ఈ విరేచనాలు పెద్దవాళ్ళకి వచ్చినట్టు రావు, ఒంట్లో నీరంతా పోయి ప్రాణం మీదికి వస్తుంది. బాతుపిల్లలు ముద్దుగా ఉంటాయని పిల్లలు చంకలో పెట్టుకుంటారు, ముద్దులు పెడతారు. భయపడాల్సింది అక్కడే.

"మనం కోళ్ళ మధ్యే పెరిగాం కదా, మనకేమైంది?" అని మాలో ఇద్దరు గట్టిగానే వాదించారు. ఇళ్ళల్లో పెద్దవాళ్ళు కూడా ఇదే అంటారు. అప్పుడు నర్సింగ్ అక్క ఒకటే అడిగింది, "మీ అమ్మకి ఎంతమంది పుట్టారు, ఎంతమంది ఉన్నారు?" గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా ఎనిమిదిమందిలో ఐదుగురి ఇళ్ళల్లో రెండేళ్ళు నిండకుండా పోయిన అన్నో చెల్లో ఉన్నారు. ఏమైంది అంటే విరేచనాలు అంటారు, దిష్టి అంటారు, జ్వరం అంటారు. అవన్నీ కోళ్ళ వల్లే అని మేము అనడం లేదు. నీళ్ళు, ఆకలి, మలేరియా, దూరంగా ఉన్న ఆసుపత్రి, చాలా ఉన్నాయి. కాని "మనకేమైంది" అని అడగడానికి మిగిలింది మనం. మిగలనివాళ్ళని ఎవరు లెక్కేశారు?

2016లో ఇథియోపియా పల్లెల మీద వచ్చిన ఒక పరిశోధన గురించి కూడా అక్క చెప్పింది. కోళ్ళు ఉన్న ఇళ్ళల్లో పిల్లల ఎదుగుదల కొంచెం మెరుగ్గా ఉందంట. కాని రాత్రిపూట కోళ్ళని మనుషులు పడుకునే ఇంట్లోనే కట్టేసే చోట మాత్రం పిల్లల ఎత్తు తగ్గి కనిపించిందంట. కోళ్ళు ఉండడం వేరు, కోళ్ళతో పడుకోవడం వేరు అన్నమాట. మన గూడేల సంగతి కూడా అచ్చం ఇదే కదా అనిపించింది మాకు.

మరి మనవాళ్ళు కోళ్ళని ఇంట్లో ఎందుకు పెట్టుకుంటారు? తెలివి లేకనా? బయట నుంచి వచ్చినవాళ్ళు చాలామంది అలాగే మాట్లాడతారు. "మీకు శుభ్రత తెలీదు" అని మన అమ్మల ముందే అంటారు. నిజం ఏంటంటే బయట కడితే అడవిపిల్లి ఎత్తుకుపోతుంది, ముంగిస పీక కొరుకుతుంది, కుక్కలు ఉండనే ఉన్నాయి. వానకి పిల్లలన్నీ చస్తాయి. గట్టి గూడు కట్టాలంటే డబ్బు కావాలి, మనిషి కావాలి. అందుకే గంప కింద పెట్టి పొయ్యి పక్కనే ఉంచుతారు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు మా వైపు వాళ్ళు గుట్ట ఎక్కి, ఒకే టార్పాలిన్ కింద మనుషులు, మేకలు, కోళ్ళు అందరూ కలిసే ఉన్నారు. దాన్ని ఎవరూ ఇష్టపడి చెయ్యలేదు.

క్రిముల సంగతి ఇలా ఉంటే, మాకు దానికంటే ఎక్కువ భయం వేసింది నీళ్ళంటే. బాతు ఉంటే గుంట కావాలి అని అందరం అనుకుంటాం. బోరింగ్ దగ్గర వృథా నీళ్ళు నిలిచే గుంటలోకి పోతాయి, లేకపోతే ఇంటి వెనక ఒక గొయ్యి తీసి నీళ్ళు పోస్తారు. బాతు ఎటు పోతే నాలుగేళ్ళ పిల్లోడు అటు పోతాడు, నడక నేర్చిన పిల్ల వాడి వెనకాలే పోతుంది. చిన్నపిల్ల మునగడానికి లోతు అక్కర్లేదు, బోర్లా పడితే జానెడు నీళ్ళు చాలు. అరుపు కూడా వినపడదు. నిజానికి గుడ్ల కోసం పెంచే బాతుకి చెరువు, గుంట తప్పనిసరి కాదు. ముక్కూ తలా మునిగేంత లోతు తొట్టి, తాగడానికి సరిపడా నీళ్ళు ఉంటే చాలు. రోజూ తొట్టి ఒంపేసి కడిగితే దోమలు కూడా పెరగవు. ఈ ఒక్క మాట ఊళ్ళో చెప్పినా మన చదువుకి కొంత విలువ ఉన్నట్టే అనుకున్నాం.

మూడోది బర్డ్ ఫ్లూ. 2025 ఫిబ్రవరిలో మన కింద గోదావరి జిల్లాల్లో కోళ్ళ ఫారాల్లో అది బయటపడింది. ఆ ఏడాదే పల్నాడు జిల్లాలో రెండేళ్ళ పాప ఆ వైరస్‌తో చనిపోయింది. బాతులు ఆ వైరస్ మోస్తూ కూడా జబ్బు కనిపించకుండా తిరగొచ్చు. రోజూ భయపడుతూ బతకమని చెప్పడం లేదు, మనుషులకి రావడం చాలా అరుదు. కాని పక్షులు ఒక్కసారిగా నాలుగైదు చస్తే కోసుకు తినే అలవాటు మనలో ఉంది. అది మానాలి. ఉత్త చేత్తో ముట్టకుండా పశువుల డాక్టరుకి చెప్పాలి.

ఇంకో మాట ఉంది, అది ఎవరూ అడగరు. ఈ బాతుల పని ఎవరు చేస్తారు? పొద్దున గూడు తియ్యాలి. బాతులు తెల్లవారుజాము నుంచి తొమ్మిది లోపే ఎక్కువగా గుడ్లు పెడతాయి కాబట్టి అప్పటిదాకా గూట్లోనే ఉంచాలి. తర్వాత గుడ్లు ఏరి, రెట్ట ఎత్తి, తొట్టి కడిగి, సాయంత్రం మళ్ళీ తోలుకురావాలి. అమ్మ పనికి పోతుంది, వదినకి చంటిపిల్ల. ఇంకెవరు? తొమ్మిదేళ్ళ చెల్లి. ఆశ్రమ పాఠశాలలో చదువుతోంది, సెలవులకి ఇంటికి వస్తుంది. సెలవులు అయిపోయాక "ఇంకో వారం ఉండనీ" అంటారు. మా గదిలోనే ఒకామె ఐదో తరగతిలో ఏడాది మొత్తం బడి మానేసింది, మేకల కోసం. అదృష్టం బాగుండి ఒక సార్ ఇంటికి వచ్చి మళ్ళీ తీసుకెళ్ళారు కాబట్టి ఈరోజు మాతో ఉంది. పది బాతుల ఆదాయం లెక్కేసేటప్పుడు ఒక పిల్ల బడి కూడా అందులో వెయ్యాలి.

ఇవన్నీ చూసుకుని మేము చెప్పేది ఇది. బాతులు వద్దు అనం. గుడ్డు మన పిల్లలకి కావాలి. కాని ముందు గూడు, తర్వాతే బాతులు. గూడు కట్టే దాకా ఎంత చవగ్గా వచ్చినా కొనొద్దు.

ఆ ఇంటికి మేము చెప్పిన లెక్క ఇలా ఉంది. పది వద్దు, నాలుగు చాలు. ఇప్పుడే వద్దు, వానలు వెనకబడ్డాక, చిన్నది నడక నేర్చి చెప్పిన మాట కొంచెం వినే వయసు వచ్చాక. బాతు కొమ్మెక్కి పడుకోదు, నేల మీదే ఉంటుంది, కాబట్టి ఒక్కోదానికి మూడు నాలుగు చదరపు అడుగుల చోటు చూసుకుని, కొంచెం ఎత్తు మట్టి దిమ్మె వేసి, వెదురు తడికలతో గూడు కట్టాలి. ఇంటికి, బోరింగ్‌కి దూరంగా ఉండాలి. పిల్లలు ఆడే వాకిలికీ బాతులు తిరిగే చోటుకీ మధ్య దడి ఉండాలి. గొయ్యి తియ్యొద్దు. బూజు పట్టిన మొక్కజొన్న, వేరుశనగ చెక్క పెట్టొద్దు, ఆ విషం బాతులకి అసలు పడదు. బాతు ప్లేగుకి టీకా ఉంది, పశువుల ఆసుపత్రిలో అడగాలి. గుడ్డు పచ్చసొన గట్టిపడేదాకా ఉడికించే పిల్లలకి పెట్టాలి, పగిలినవి పారెయ్యాలి. బాతుపిల్లల్ని ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడగాలి, ఐదేళ్ళ లోపు వాళ్ళ చేతికి అసలు ఇవ్వకూడదు. గూడు శుభ్రం చేసే పని పెద్దవాళ్ళదే, చెల్లిది కాదు. వారంలో వచ్చే గుడ్లలో మొదట పిల్లలవి తీసి పక్కన పెట్టి, మిగిలినవే సంతకి పోవాలి. గుడ్లన్నీ అమ్మేస్తే పిల్లలకి మిగిలేది రెట్టే.

ఫోన్‌లో ఇదంతా చెప్తే వాళ్ళ అమ్మ మధ్యలోనే "గూడు ఎవరు కడతారే, మీ అన్న లేడు కదా" అంది. ఆ మాటకి మా దగ్గర జవాబు లేదు. అందుకే అధికారులకి కూడా ఒక మాట. గూడేల్లో కోడిపిల్లల్ని పంచే పథకాలు వస్తుంటాయి. ఫోటోలు తీస్తారు, పిల్లల్ని ఇస్తారు, వెళ్ళిపోతారు. గూటికి సామాను ఇవ్వరు. ఆ రాత్రి ఆ పక్షులు ఎక్కడ పడుకుంటాయో ఎవరూ అడగరు. పక్షితో పాటు గూడు కూడా ఇవ్వండి. లేదా ముందు గూడు కట్టినవాళ్ళకే పక్షి ఇవ్వండి, కూలి డబ్బులతో సహా.

మన గ్రూపులో ఉన్నవాళ్ళకి చివరి మాట. ఇంటికెళ్ళి "ఛీ, ఇంట్లో కోళ్ళేంటి" అని అమ్మని అనొద్దు. ఆ కోళ్ళు అమ్మిన డబ్బులతోనే మనలో చాలామంది అడ్మిషన్ ఫీజు కట్టాం. సెలవులకి పోయినప్పుడు రెండు రోజులు గునపం పట్టుకుని గూడు కడదాం. అది చేశాకే సలహా చెప్పే హక్కు మనకి వస్తుంది.

నిన్న రాత్రి మళ్ళీ ఫోన్ వచ్చింది. బాతులవాడు వచ్చి వెళ్ళాడంట, అమ్మ తీసుకోలేదంట. పెద్దోడు బాతుపిల్ల కావాలని దారి పొడుగునా ఏడ్చాడంట. "మీ మామ వెదురు కొట్టుకొస్తా అన్నాడు, సెలవులకి నువ్వు రా, చూద్దాం" అని అమ్మ అంది. మాలో ఇద్దరం ఆమెతో పాటు వెళ్తున్నాం.

మీ ఇళ్ళల్లో బాతులు పెంచినవాళ్ళు ఉంటే గూడు ఎలా కట్టారో, ఎంత అయిందో రాయండి. మాకు నిజంగానే కావాలి.